పాట మధ్యలో గొంతు పడిపోయిన యాంపు

(నల్లగొండలో గిటారు వాయించేవారిని, ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌లను ఒకచోట కూర్చోబెట్టిన సమావేశంలో ఒక పాత రేడియో మెకానిక్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని రాశాము.)

పెద్దలకు నమస్కారం, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. వాల్వు గిటారు యాంపులో, అంటే గాజు వాల్వులతో గిటారు సౌండును పెంచే ఆంప్లిఫయరులో, ఉన్నట్టుండి పవర్ పడిపోతే ఏం చేయాలో చెప్పమని నన్ను పిలిచారు. ఆ మాటలో రెండు ముక్కలున్నాయి. పవర్ పడిపోయిందనేది ఒక ముక్క, ఉన్నట్టుండి అనేది రెండో ముక్క. యాంపు భుజాన వేసుకొని నా దుకాణానికి వచ్చేవారందరూ మొదటి ముక్కనే నొక్కి చెప్తారు. నేను మాత్రం రెండో ముక్కను పట్టుకుంటాను. ఉన్నట్టుండి పడిపోయిందా, మెల్లమెల్లగా తగ్గిందా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అక్కడే అయిపోతుంది.

ఎందుకంటారా? వాల్వు ముసలిదవుతుంది, కాని ఒక్క పూటలో ముసలిది కాదు. లోపల వేడెక్కి ఎలక్ట్రాన్లను వదిలే క్యాథోడు మీద పూత నెలలకు నెలలు, సంవత్సరాలకు సంవత్సరాలు అరుగుతూ పోతుంది. వాయించేవాడు తనకు తెలియకుండానే వాల్యూమ్ మీట నాలుగు దగ్గరినుంచి అయిదుకు, అయిదునుంచి ఆరుకు జరుపుకుంటూ పోతాడు. అది అరుగుదల. పాట రెండో చరణంలో, అందరూ చూస్తుండగా సౌండు దబ్బున పడిపోయిందంటే అరుగుదల కాదు, ఎక్కడో ఏదో తెగింది. తీగ తెగిందో, కాంటాక్టు విడిపోయిందో, రెసిస్టెన్సు మాడిందో, ఫ్యూజు ఎగిరిందో, లేదంటే ఏదో ఒక వాల్వు లోపల లోపలే షార్టయిందో. అందుకే సౌండు పడిపోగానే హైదరాబాదు పోయి, కొత్త వాల్వుల సెట్టు కొనుక్కొచ్చి, పాతవి పీకి పెట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. అప్పుడప్పుడు దానితోనే బాగవుతుంది, నిజమే. కాని చాలాసార్లు డబ్బులు పోతాయి, జబ్బు అక్కడే ఉంటుంది.

నేను పని నేర్చుకున్నది గిటారు యాంపుల మీద కాదు. వాల్వు రేడియోల మీద, చెర్వుగట్టు జాతరకు, పెళ్లిళ్లకు కిరాయికి పోయే మైకు సెట్ల మీద. అప్పట్లో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి వాల్వులు దుకాణాల్లో అట్ట డబ్బాల్లో వరుసగా ఉండేవి. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, ఐసీలు వచ్చాయి, వాల్వు పని తెలిసినవాడికి పని లేకుండా పోయింది. మళ్లీ ఇన్నేళ్లకు చర్చీలలో వాయించే పిల్లలు, కాలేజీ బ్యాండ్ల పిల్లలు ఈ యాంపులు తీసుకొని వస్తున్నారు. మూత తీసి చూస్తే నా పాత రేడియోనే కనబడింది. అదే ట్రాన్స్‌ఫార్మరు, వాల్వులు గుచ్చే అవే బేసులు, అదే వాసన.

వాల్వు పని ఎట్లా ఉంటుందో తెలియనివారు కూడా ఇక్కడ కూర్చున్నారు కాబట్టి రెండు మాటల్లో చెప్తాను. సాగర్ ఎడమ కాలువ మీద తూము చూసే ఉంటారు. షట్టరు తిప్పే చెయ్యి ఒక్కటే, దాని కింద పారే నీళ్లు మాత్రం వందల ఎకరాలకు. వాల్వు కూడా అంతే. 1904లో ఫ్లెమింగ్ చేసిన వాల్వులో వేడెక్కే క్యాథోడు, దానినుంచి ఎలక్ట్రాన్లను లాక్కునే ప్లేటు, ఈ రెండే ఉండేవి. 1906లో లీ డి ఫారెస్ట్ ఆ రెంటి నడుమ గ్రిడ్డు అనే చిన్న జాలి పెట్టాడు. అదే షట్టరు. గిటారు తీగనుంచి వచ్చే సన్నటి సిగ్నలు ఆ షట్టరును కదిలిస్తే, నాలుగు వందల వోల్టుల ప్రవాహం దాని ప్రకారం ఎగిసిపడుతుంది. స్పీకరును నడిపే పెద్ద వాల్వుల్లో, అంటే పవర్ వాల్వుల్లో, గ్రిడ్డుకు, ప్లేటుకు నడుమ స్క్రీను అని ఇంకో జాలి ఉంటుంది. ఈ స్క్రీను పేరు గుర్తుపెట్టుకోండి, దాని కథ తర్వాత వస్తుంది.

ఇప్పుడు చెవి సంగతి. 'అన్నా, సౌండు సగమైంది' అంటాడు వచ్చినవాడు. సగమంటే ఎంత? యాంపు ఇచ్చే వాట్లు సరిగ్గా సగమైతే సౌండు కొలతలో తగ్గేది మూడు డెసిబెల్స్ మాత్రమే. పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలుస్తుంది, కాని ఎవరూ పాట ఆపి వెనక్కు తిరిగి చూసేంత తేడా అది కాదు. చెవికి సగమైనట్టు వినిపించాలంటే దాదాపు పది డెసిబెల్స్ తగ్గాలి, అంటే వాట్లు పదో వంతుకు పడాలి. యాభై వాట్ల యాంపు అయిదు వాట్లకు వస్తేనే మనిషి సగమైందంటాడు. దీన్నిబట్టి మనకేం తెలుస్తున్నది? నాలుగు వాల్వుల వంద వాట్ల యాంపులో ఒక జత పూర్తిగా పని ఆపేసినా మిగిలిన జత యాభై వాట్లు ఇస్తుంది, దాన్ని ఎవరూ సగమనరు. కాబట్టి ఎవరైనా వచ్చి సగమైందన్నారంటే, సిగ్నలు దారిలో ఎక్కడో గట్టిగానే అడ్డు పడిందని నేను అనుకుంటాను. వెనక కూర్చున్న తమ్ముళ్లకు వినిపిస్తున్నదా? ఈ లెక్క రాసుకోండి, చాలా తిప్పలు తప్పిస్తుంది.

అదే సమయంలో సౌండు ఎట్లా ఉన్నదో కూడా అడగాలి. చిన్నగా అయినా శుభ్రంగా ఉన్నదా, లేక గరగరలాడుతున్నదా? శుభ్రంగా ఉండి చిన్నగా ఉంటే చిన్న వాల్వులున్న ముందు భాగంలో గాని, వైర్లు గుచ్చే జాకుల్లో గాని వెతకాలి. గరగరమంటూ నీరసంగా ఉంటే పవర్ వాల్వుల్లో ఒక వైపు పని చేయడం లేదేమోనని అనుమానించాలి. ఈ యాంపుల్లో రెండు పవర్ వాల్వులు రంపం పట్టిన ఇద్దరు మనుషుల్లాగా, ఒకరు లాగితే ఒకరు వదులుతూ పని చేస్తాయి. ఒకరు చేయి వదిలేస్తే రంపం కోయదు, గీరుతుంది. ఆ గీరుడే మీకు వినిపించే గరగర.

ఇక మూత తీయకముందు చేయవలసిన పనులు. గిటారును పెడళ్లు లేకుండా, మంచిదని తెలిసిన వైరుతో నేరుగా యాంపుకు తగిలించాలి. ఇది అందరికీ తెలుసు, ఎవరూ చేయరు. ఆ తర్వాత యాంపు వెనక సెండు, రిటర్ను అని రెండు జాకులుంటాయి, ఎఫెక్టుల పెట్టెలు మధ్యలో తగిలించుకోవడానికి. వాటిని వాడకపోయినా సిగ్నలు ఆ రిటర్ను జాకు లోపలి చిన్న రేకు పట్టీ గుండానే పోతుంది. అందులో పిన్ను లేనప్పుడు పట్టీ మూసుకొని ఉండి దారి ఇస్తుంది, పిన్ను పెడితే తెరుచుకుంటుంది. ఏళ్ల తరబడి ఎవరూ ఏమీ తగిలించకపోతే ఆ పట్టీ మీద మసి పట్టి, దుమ్ము పట్టి కాంటాక్టు పోతుంది. మన దగ్గర దుమ్ము సంగతి మీకు చెప్పేదేముంది! ఒక చిన్న వైరు తీసుకొని సెండునుంచి రిటర్నుకు తగిలించండి. సౌండు ఒక్కసారిగా లేచి కూర్చుందా? జబ్బు దొరికింది. ఆ జాకును కాంటాక్టు క్లీనరుతో కడిగి, పిన్నును పదిసార్లు పెట్టి తీస్తే చాలు. మిర్యాలగూడనుంచి ఒక తమ్ముడు యాంపు తెచ్చి, వాల్వులన్నీ మార్చినా ఫాయిదా లేదని నా ముందు తల పట్టుకొని కూర్చున్నాడు. నేను చేసింది ఆ చిన్న వైరు పెట్టడమే. ఆ పిల్లవాడి మొహం చూసి నేను కూలి అడగలేకపోయాను.

స్పీకరు వైరు కూడా చూడాలి. ఎనిమిది ఓంల స్పీకరు మల్టీమీటరులో ఆరు, ఏడు ఓంల దగ్గర చూపిస్తుంది, అది సరైనదే. గోడ గడియారంలో వేసే సెల్లును వైరు కొసలకు ఒక క్షణం ఆనిస్తే స్పీకరు టక్కుమనాలి. అనకపోతే వైరును వంచుతూ మళ్లీ ఆనించండి. ఇక్కడ ఒక హెచ్చరిక. వాల్వు యాంపును స్పీకరు లేకుండా ఎప్పుడూ వాయించకూడదు. ట్రాన్సిస్టరు యాంపుకు ఆ భయం లేదు. వాల్వు యాంపుకు లోడు, అంటే స్పీకరు, లేకపోతే వాల్వులకు, స్పీకరుకు నడుమ ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వేల వోల్టులు లేచి దాని లోపలి ఇన్సులేషనును కాల్చేస్తాయి. సౌండు రావడం లేదని వాల్యూమ్ పూర్తిగా పెంచి, స్పీకరు వైరు ఊడిన సంగతి చూసుకోనివారే ఎక్కువ నష్టపోతారు.

కరెంటు వోల్టేజీ గురించి అడుగుతారని నాకు తెలుసు. ఎండాకాలంలో బోరు మోటార్లన్నీ ఒక్కసారి నడిస్తే ఊళ్లో 230 ఉండవలసింది 180కి వస్తుంది. అప్పుడు క్యాథోడును వేడెక్కించే 6.3 వోల్టుల ఫిలమెంటుకు 5 వోల్టులు కూడా అందవు, ప్లేట్లకు పోయే పెద్ద వోల్టేజీ, అంటే హెచ్‌టీ, 450 ఉండవలసింది 350 చుట్టూ ఉంటుంది. లెక్క వేస్తే వాట్లు అరవై శాతానికి దిగుతాయి, అంటే చెవికి రెండు డెసిబెల్స్ పైచిలుకు. ఫిలమెంటు చల్లబడటం వల్ల అరిగిన వాల్వులైతే ఇంకా నీరసిస్తాయి. కాబట్టి వోల్టేజీ వల్ల సౌండు మెత్తబడుతుంది తప్ప మూగబోదు. న్యూట్రల్ తెగి మూడు వందల వోల్టులు వస్తే మాత్రం అది వేరే కథ, అప్పుడు మరమ్మతు జాబితా పొడుగ్గానే ఉంటుంది.

ఇప్పుడు లైట్లు ఆర్పి చూడండి. నేను నిజంగానే గదిలో లైట్లు ఆర్పేస్తాను. చిన్న వాల్వులు, అంటే 12ఏఎక్స్7 వంటివి, ఒక్కొక్కదాంట్లో రెండు వాల్వులున్నట్టు లెక్క. అందుకని లోపల రెండు నిప్పు చుక్కలు కనబడాలి. ఒకటే కనబడితే సగం వాల్వు చచ్చిపోయిందని అర్థం. పెద్ద వాల్వుల గాజు లోపల నీలి వెలుగు ఆడుతుంటే కంగారు పడవద్దు, అది సహజమే. ప్లేట్ల నడుమ ఊదారంగు పొగలాగా నిండి ఉంటే మాత్రం లోపల గ్యాసు చేరింది. వాల్వు నెత్తిమీద అద్దంలా మెరిసే పూత పాలలాగా తెల్లబడితే గాలి చొరబడినట్టు, దాన్ని పారేయవలసిందే. ప్లేటు కొలిమిలో ఇనుములాగా ఎర్రబడుతున్నదా? వెంటనే ఆర్పేయండి. మళ్లీ ఒకసారి చూద్దామని ఆన్ చేయవద్దు. ప్లేటు ఎర్రబడటమంటే గ్రిడ్డు మీద ఉండవలసిన మైనస్ వోల్టేజీ, అంటే బయాస్, అందడం లేదన్నమాట. బయాస్ సప్లై పోయి ఉండాలి, లేదా గ్రిడ్డుకు ముందుండి సిగ్నలును మాత్రమే పంపి డీసీని ఆపవలసిన 0.022 మైక్రోఫారడ్ కపులింగ్ కండెన్సరు లీకై ప్లస్ వోల్టేజీని లోపలికి వదులుతుండాలి. బేసు కాలు వదులై కూడా ఇట్లా అవుతుంది.

ఇంతవరకు ప్రాణభయం లేదు. ఇకమీద ఉంది. మూత తీసిన వాల్వు యాంపులో నాలుగు వందలు, అయిదు వందల వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో అది నిలిచి ఉంటుంది. నా పని మొదటి సంవత్సరంలోనే ఒక మైకు సెట్టు ప్లగ్గు తీసి పెట్టి, చాయ్ తాగి వచ్చి, ఇంక ఏముంటుందిలే అని చేయి పెట్టాను. బల్లకు అవతలి వైపు పడ్డాను. మా ఉస్తాదు నన్ను లేపలేదు, ముందు నా చేతిలో ఒక రెసిస్టెన్సు పెట్టాడు. పది కిలో ఓంలు, పది వాట్లు. దాని ఒక కాలును ఇన్సులేషన్ వైరుతో చాసిస్‌కు, అంటే యాంపు లోపలి లోహపు చట్రానికి, క్లిప్పు పెట్టి, రెండో కాలును కండెన్సరు ప్లస్‌కు పది సెకన్లు ఆనించి, ఆ తర్వాత మీటరు పెట్టి వోల్టేజీ సున్నాకు వచ్చిందని కళ్లతో చూసుకోవాలి. స్క్రూడ్రైవరుతో షార్టు చేసి ఠప్పుమనిపించడం మగతనం అనుకునేవారున్నారు, దానివల్ల కండెన్సరు పోతుంది, కొన్నిసార్లు కన్ను పోతుంది. యాంపు నడుస్తుండగా కొలిచేటప్పుడు మీటరు నల్ల వైరును చాసిస్‌కు క్లిప్పు పెట్టి, ఎర్ర వైరును కుడి చేత్తో పట్టుకొని, ఎడమ చేయి జేబులో పెట్టుకోవాలి. నేను ఇప్పటికీ పెట్టుకుంటాను. ఈ పని అలవాటు లేని వాయిద్యకారులు ఇక్కడ ఆగిపోయి, మెకానిక్ దగ్గరికి పోవడమే మేలు.

ఇప్పుడు స్క్రీను కథ. నకిరేకల్ వైపునుంచి ఒక చర్చి బృందం యాంపు తెచ్చింది. రెండు 6ఎల్6 పవర్ వాల్వులు. ఆరాధన మధ్యలో ఒక వాల్వు లోపల తళుక్కుమని మెరిసిందట, అప్పటినుంచి సౌండు గరగరమంటూ నీరసంగా వస్తున్నదట. వాళ్లు తెలివైనవారే, రెండు వాల్వులూ కొత్తవి వేశారు. అయినా అదే గరగర. కొత్త వాల్వు పాడుదిచ్చారని దుకాణదారుతో కొట్లాడి, ఇంకో జత తెచ్చారు. మళ్లీ అదే గరగర. నా దగ్గరికి వచ్చేసరికి వాళ్లకు ఆ యాంపు మీదనే కోపం వచ్చింది.

నేను బేసు మూడో కాలు మీద ప్లేటు వోల్టేజీ కొలిచాను. రెండింటిలోనూ నాలుగు వందల పైచిలుకు ఉంది. అంటే హెచ్‌టీ ఉంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు రెండు వైపులా తెగలేదు. అయిదో కాలు మీద బయాస్ రెండింటిలోనూ ఒకే మాదిరి మైనస్ చూపించింది. నాలుగో కాలు, అదే స్క్రీను, మొదటి బేసులో నాలుగు వందల పైన చూపించింది. రెండో బేసులో దాదాపు సున్నా. ఎందుకు సున్నా? స్క్రీనుకు పోయే దారిలో 470 ఓంల చిన్న రెసిస్టెన్సు ఉంటుంది. కొన్ని నమూనాల్లో ఒక కిలో ఓం ఉంటుంది. పాత వాల్వు షార్టయినప్పుడు ఆ దెబ్బ తాను తిని, ఫ్యూజులాగా కాలిపోయి మిగతా యాంపును కాపాడింది ఆ రెసిస్టెన్సు. పైకి చూస్తే రంగు గీతలన్నీ కనబడుతున్నాయి, మాడిన గుర్తే లేదు. వేలుగోరుతో తట్టి చూస్తే కింది వైపు సన్నటి నెర్రె. స్క్రీను మీద వోల్టేజీ లేని వాల్వు ఎంత కొత్తదైనా పని చేయదు, ప్లేటు ఒక్కటే ఎంతో లాగలేదు. అందుకే కొత్త జత పెట్టినా ఒక వైపు రంపం పట్టుకునేవాడు లేడు. కొన్ని రూపాయల రెసిస్టెన్సు. రెండు వైపులా ఒక్కొక్కటి అయిదు వాట్లది వేశాను. వాళ్లు కొన్న నాలుగు వాల్వుల్లో ఒక్కటి కూడా పాడుది కాదు. ఆ దుకాణదారుకు ఫోన్ చేసి చెప్పమన్నాను, చెప్పారో లేదో తెలియదు.

వాల్వు షార్టయిందని తెలిస్తే వాల్వు మార్చి ఊరుకోకుండా స్క్రీను రెసిస్టెన్సును కొలవాలి అని నేను పదేపదే అనేది ఇందుకే. కొలిచేటప్పుడు యాంపు ఆర్పి, కండెన్సర్లు ఖాళీ చేసి, వాల్వు పీకేసి కొలవాలి.

ఫిలమెంట్లు వెలుగుతున్నాయి, ముందు లైటు వెలుగుతున్నది, సౌండు మాత్రం బొత్తిగా లేదు. అప్పుడు ఏం చూడాలి? హెచ్‌టీ ఫ్యూజు. అది ఎగిరి ఉంటే సిగరెట్టు కాగితం చుట్టి పెట్టకండి, లావు తీగ వేయకండి. అదే ఆంపియర్ల ఫ్యూజు వేసి, పవర్ వాల్వులు పీకేసి, కరెంటు ఒక బల్బు గుండా వచ్చేటట్టు చేసిన సిరీస్ బల్బు బోర్డు మీద ఆన్ చేయండి. టీవీలు, మోటార్లు చూసే మన మెకానిక్‌లందరి దగ్గరా ఆ బోర్డు ఉంటుంది, వంద వాట్ల పాత బల్బు ఒకటి చాలు. బల్బు ఒక్క క్షణం భగ్గున వెలిగి మసకబారితే పవర్ సప్లై మంచిదే, తప్పు వాల్వుల్లోనో బయాస్‌లోనో ఉంది. బల్బు అట్లాగే భగ్గున నిలిచిపోతే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు, ఫిల్టరు కండెన్సరు, ట్రాన్స్‌ఫార్మరు వైపు వెతకాలి.

ముందు భాగం గురించి ఎక్కువ చెప్పను, అక్కడ లెక్క సులువు. చిన్న వాల్వు ఒకటో కాలు, ఆరో కాలు ప్లేట్లు. చాలా యాంపుల్లో అక్కడ 150నుంచి 250 వోల్టుల దాకా ఉంటుంది. సున్నా ఉంటే పైనుంచి సప్లై రావడం లేదు, లేదా వంద కిలో ఓంల ప్లేటు రెసిస్టెన్సు తెగింది. సప్లై ఎంత ఉందో ప్లేటు మీద కూడా అంతే ఉంటే వాల్వులో కరెంటు పారడం లేదు, క్యాథోడు రెసిస్టెన్సు గాని ఫిలమెంటు గాని చూడాలి.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును చివర అనుమానించాలి. దీని గురించి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కింద ఒక మైకు సెట్టు నీరసంగా ఉంటే, ట్రాన్స్‌ఫార్మరు మధ్య తీగనుంచి రెండు వైపులకు ఓంలు కొలిచాను. ఒక వైపు కొంచెం తక్కువ, ఒక వైపు కొంచెం ఎక్కువ. ఎక్కడో చుట్లు షార్టయ్యాయని తీర్పు చెప్పి, కోఠిలో గుజరాతీ గల్లీ అంతా తిరిగి కొత్తది చుట్టించాను. దాంట్లో కూడా అదే తేడా! లోపలి చుట్లు చిన్నవి, బయటి చుట్లు పెద్దవి, తీగ పొడవు ఎట్లా సమానమవుతుంది? తేడా సహజమే. ఇంతకూ జబ్బు ఎక్కడ ఉన్నదంటే, స్పీకరు వైరులో తొడుగు లోపల తీగ తెగి, నాలుగు పోగులు మాత్రమే మిగిలాయి. ఆ సెట్టు యజమాని ఈ సభలో లేడు కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

బాగు చేసిన తర్వాత యాంపును వెంటనే ఇచ్చేయకూడదు. స్పీకరుకు బదులు ఎనిమిది ఓంల, వంద వాట్ల పెద్ద రెసిస్టెన్సు, అంటే డమ్మీ లోడు, తగిలించి, సిగ్నలు ఇచ్చి, లోడు మీద ఏసీ వోల్టులు కొలవాలి. ఇరవై వోల్టులు వస్తే ఇరవైని ఇరవైతో గుణించి ఎనిమిదితో భాగిస్తే యాభై వాట్లు. గంటసేపు అట్లా నడవనిచ్చి మళ్లీ కొలవాలి, ఎందుకంటే కొన్ని సోల్డర్లు చల్లగా ఉన్నప్పుడు అతుక్కొని, వేడెక్కాక విడిపోతాయి. అటువంటివాటికి ఎండిన కొబ్బరి పుల్లతో ఒక్కొక్క భాగాన్ని మెల్లగా తట్టి చూడాలి, లోహం ముట్టించకూడదు.

ఈ బల్ల మీద పెట్టిన యాంపు నిన్న దేవరకొండనుంచి వచ్చింది. పాట మధ్యలో సౌండు పడిపోయిందని తప్ప ఇంకేమీ చెప్పలేదు, నేను కూడా ఇంకా మూత తీయలేదు. ముందు సెండు, రిటర్ను మధ్య వైరు పెడదాం. ముందు వరుసలో ఉన్న తమ్ముడూ, ఆ గిటారు ఇటు ఇవ్వు. లైటు స్విచ్చు దగ్గర ఉన్నవారు నేను చెప్పగానే ఆర్పేయండి.